గ్లాసెడు పల్లీలు ఎన్ని గ్రాములు?

వేరుశనగ పప్పు, జీడిపప్పు, బాదం, నువ్వులు మొదలగు గింజల విషయమున మన ఇండ్లలో రెండు లెక్కలు నడచుచున్నవి. అంగడిలో కొనునది తూకము. ఇంటిలో వాడునది కొలత. కిలో, అరకిలో అని కొని తెచ్చి, గ్లాసెడు, గిన్నెడు, గుప్పెడు అని వాడుచున్నాము. ఈ రెండు లెక్కలకును పొత్తు కుదుర్చుకొన్న ఇండ్లు బహు తక్కువ. పచ్చడి నూరుకొనునపుడు దీనివలన వచ్చు నష్టమేమియు లేదు. కాని బలహీనమైన బిడ్డకు పెట్టు పిండి కలుపునపుడు, మహిళా సంఘము వారు అమ్మకమునకు పల్లీపట్టీ చేయునపుడు, రైతు తన పప్పును గానుగకు ఇచ్చి నూనె తెచ్చుకొనునపుడు నష్టము కలుగుచున్నది. ఆ నష్టము కొద్దికొద్దిగా వచ్చును గనుక ఎవరి కంటను పడదు.

ఈ విషయమున నా అభిప్రాయమును ముందే చెప్పుదును. వంటింటి కొలపాత్రను తీసివేయనక్కరలేదు. కాని ప్రతి ఇంటివారును, ప్రతి సంఘము వారును తమ పాత్రలో ఏ గింజ ఎన్ని గ్రాములు పట్టునో ఒక్కసారి తూచి వ్రాసి పెట్టుకొనవలెను. వంటకముల విధానములను అచ్చువేసి పంచు మా బోటి శాఖల వారు ముందు తూకమును, తరువాత కొలతను తెలుపవలెను. ఒక్క కొలతను మాత్రమే తెలుపుట మానవలెను.

పాత కొలతలు, కొత్త తూకములు

మన పెద్దలు ధాన్యమును కొలిచిరి. బెల్లము, చింతపండు, పసుపు వంటి వానిని తూచిరి. కొలతకు గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము, తూము ఉండెడివి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని పిల్లలు ఎక్కములతో పాటు వల్లె వేసెడివారు. తూకమునకు ఆంధ్ర ప్రాంతమున వీశ, మణుగు. తెలంగాణమున తులము, సేరు. అయితే సేరు అను మాట తూకమునకును చెల్లెను, కొలపాత్రకును చెల్లెను. చిక్కంతయు ఇక్కడనే మొదలైనది. బియ్యము కొలిచి కొలిచి అలవాటుపడిన చేతికి ఆ పాత్రతో ఏమి కొలిచినను అదే బరువు వచ్చునన్న నమ్మకము కలుగును. కాని బియ్యమునకు కుదిరిన లెక్క పల్లీలకు కుదరదు.

1956 లో తూనికలు, కొలతల చట్టము వచ్చినది. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూకములు అమలులోనికి వచ్చి, 1962 నాటికి దేశమంతటను మార్పు పూర్తియైనది. 80 తులముల సేరు 933 గ్రాములకును, 120 తులముల వీశ 1,400 గ్రాములకును సరిపోవునని నాడు పట్టికలు వేసి పంచిరి. అంగడిలో రాళ్లు మారినవి, తక్కెడలు మారినవి. వంటింటిలో మాత్రము సోలకు బదులుగా స్టీలు గ్లాసు వచ్చినదే గాని లెక్క మారలేదు. కుంచమును కన్నులతో చూడని వారు కూడ ‘కుంచమంత కూతురు’ అను సామెతను నేటికిని వాడుచున్నారు.

అల్వాల్ వంటి చోట ఈ చిక్కు మరికొంత ఎక్కువ. ఇది కంటోన్మెంటును ఆనుకొని యున్న ఊరు. బొల్లారము, తిరుమలగిరి, లోతుకుంట చుట్టుపట్ల అనేక రాష్ట్రముల వారు స్థిరపడియున్నారు. ఒకే వీధిలో ఒకరు గిద్దెడు అందురు. ఒకరు పావు అందురు. ఒకరు కటోరి అందురు. ఈ కాలపు పిల్లలు కప్పు అందురు. ఆ కప్పు కూడ ఒక్కటి కాదు. అమెరికా వారి కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా వారిది 250. జపాను వారిది 200. మన అంగళ్లలో అమ్ము కొలకప్పుల జతలలో 240 మి.లీ. వియు గలవు, 250 మి.లీ. వియు గలవు. ఇంటి గ్లాసు సంగతి చెప్పనక్కరలేదు; అది 150 మొదలు 300 మి.లీ. వరకు ఏదైనను కావచ్చును. కావున ‘ఒక కప్పు పల్లీలు’ అని వ్రాసినవారు తమ కప్పు ఎంతటిదో చెప్పకున్నచో, చదివినవారు తమ ఇంట నున్న కప్పునే తీసుకొందురు.

ఒకే గ్లాసు, వేరువేరు బరువులు

నీటికి మిల్లీలీటరు అనినను గ్రాము అనినను ఒక్కటే. 250 మి.లీ. గ్లాసులో నీరు పావుకిలో తూగును. ఈ లెక్క నీటికి చెల్లినది కదా యని గింజలకు కూడ చెల్లునని అనుకొనుటయే అన్నిటికంటె విస్తారముగా వ్యాపించిన పొరపాటు. గ్లాసులో పోసిన గింజల నడుమ గాలి యుండును. వేరుశనగ పప్పు విషయమున పాత్రలో మూడవవంతునకు పైగా ఖాళీయే. కావున 250 మి.లీ. గ్లాసులో పచ్చి పల్లీలు పావుకిలో తూగవు. సుమారు 155 గ్రాములు మాత్రమే తూగును. నాలుగు గ్లాసులు కిలో యని పోసినవారు నిజముగా పోసినది 620 గ్రాములే.

గింజ రూపము మారినకొద్దియు గ్లాసులో పట్టు బరువు మారును. అమెరికా వ్యవసాయ శాఖవారి పోషకాహార పట్టికలలో కప్పు లెక్కన ఇచ్చిన బరువులను, మన ఇండ్లలో వాడుకగా నున్న 200 మి.లీ. గ్లాసునకు మార్చి ఈ క్రింద ఇచ్చుచున్నాను. అన్నియు తలగొట్టిన, అనగా పైన రాశి లేకుండ సమముగా నింపిన కొలతలు.

200 మి.లీ. గ్లాసునకు సుమారు బరువు:
పచ్చి వేరుశనగ పప్పు – 123 గ్రా.
జీడిపప్పు, వేయించినది – 116 గ్రా.
బాదం, నిండు పప్పు – 121 గ్రా.
బాదం, పలుచగా తరిగినది – 78 గ్రా.
బాదం, పొడి – 80 గ్రా.
అక్రోటు, సగములు – 85 గ్రా.
అక్రోటు, చిన్న ముక్కలు – 99 గ్రా.
అక్రోటు, పొడి – 68 గ్రా.
నువ్వులు – 122 గ్రా.
పచ్చి కొబ్బరి కోరు – 68 గ్రా.
వేరుశనగ నూనె – 183 గ్రా.

ఈ పట్టికలో అక్రోటు వరుసను శ్రద్ధగా చూడవలెను. సగములుగా నున్నపుడు 85 గ్రాములు పట్టిన గ్లాసులో ముక్కలు చేసినపుడు 99 గ్రాములు పట్టినవి. పొడి చేసినపుడు 68 గ్రాములే పట్టినది. పెద్ద పెద్ద వంకర పలుకుల నడుమ సందులు ఎక్కువ. చిన్న ముక్కలు ఆ సందులలో సర్దుకొనును గనుక బరువు పెరుగును. పొడి చేసినపుడు అది దూదివలె పొంగి గాలిని పట్టియుంచును గనుక బరువు తగ్గును. ఆ పొడినే చెంచాతో అదిమినచో మరల పెరుగును. కావున ‘ఒక గ్లాసు బాదంను పొడి చేయుడు’ అనుటయు, ‘ఒక గ్లాసు బాదం పొడి’ అనుటయు ఒక్కటి కావు. మొదటిదానిలో 121 గ్రాములు, రెండవదానిలో 80 గ్రాములు. మాట వరుస కొంచెము మారినంతనే మూడవవంతు బాదం తగ్గినది.

కాయల సంగతి ఇంకను వేరు. లీటరు డబ్బా నిండ ఎండు వేరుశనగ కాయలు పోసినచో సుమారు పావుకిలో, మహా అయిన 300 గ్రాములు తూగును. అందులో నూటికి 70 పాళ్లు పప్పు, మిగిలినది పొట్టు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు వైపు యాసంగి పంట పండించు రైతులకు ఇది కొత్త సంగతి కాదు. గోనెసంచి ఒక్కటే యైనను కాయలు నింపినపుడు 35 నుండి 40 కిలోలును, పప్పు నింపినపుడు 75 నుండి 80 కిలోలును పట్టునని వారు ఎరుగుదురు. సంచిని చూచి బరువు చెప్పరాదని మార్కెటులో నేర్చుకొన్న పాఠమును మనము వంటింటిలో గ్లాసు విషయమున మరచిపోవుచున్నాము.

రాశి పోసి కొలుచుట మరియొక చిక్కు. పాత్ర మూతి వెడల్పైనకొద్దియు పైన నిలుచు రాశి పెరుగును. మూతి 7 సెంటీమీటర్లు గల పావులీటరు గ్లాసుపై రాశిగా నిలుచునది సుమారు 20 మి.లీ. మాత్రమే. మూతి 12 సెంటీమీటర్లు గల అరలీటరు గిన్నెపై సుమారు 100 మి.లీ. నిలుచును, అనగా గిన్నెలో అయిదవవంతు. చిన్న వర్తకుని వద్ద రాశి కొలత కొనునపుడు వెడల్పు గిన్నె కొనువారికి మేలు. అడుగు లోనికి నొక్కియున్న డబ్బా అమ్మువారికి మేలు. న్యాయమైన లెక్క రెంటిలోను లేదు.

పది గ్రాముల పల్లీలు

ఇదంతయు లెక్కల వినోదమే యని తలచువారు ఒక్క ఉదాహరణమును గమనింపవలెను. జాతీయ పోషకాహార సంస్థ 1918 లో కూనూరులో ఒక చిన్న పరిశోధనా విభాగముగా పుట్టి, 1958 లో హైదరాబాదునకు తరలివచ్చినది. మన రాష్ట్రమున మెట్రిక్ రాళ్లు వాడుకలోనికి వచ్చినదియు ఆ సంవత్సరమే. తార్నాకలోని ఈ సంస్థవారు పోషణ చాలని పిల్లలకు ఇంటిలోనే చేసిపెట్టదగిన ఒక పిండిని రూపొందించిరి. దానికే హైదరాబాదు మిక్స్ అని పేరు. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16 గ్రాములు, వేరుశనగ పప్పు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు; మొత్తము 86 గ్రాములు. గింజలను విడివిడిగా వేయించి, పొడి చేసి, బెల్లము కలుపవలెను. దీనివలన బిడ్డకు 330 కిలోకాలరీల శక్తియు, 11.3 గ్రాముల మాంసకృత్తులును లభించును. ఇందులో వాడునవన్నియు మన పొలములలోను, మన అంగళ్లలోను దొరకునవే.

ఈ విధానము గ్రాములలో నున్నది. తల్లి చేతిలో నున్నది గ్లాసు. పది దినములకు కలుపవలెనన్న గోధుమలు 400 గ్రాములు, శనగలు 160, పల్లీలు 100, బెల్లము 200 కావలెను. తక్కెడ లేని తల్లి, లేదా ఆమెకు నేర్పు కార్యకర్త, గోధుమలు నాలుగు పాళ్లు, పల్లీలు ఒక పాలు అని గుర్తుంచుకొని గ్లాసుతో కొలుచుట సహజము. గోధుమలు బరువైన గింజ, 200 మి.లీ. గ్లాసులో సుమారు 154 గ్రాములు పట్టును. 400 గ్రాముల గోధుమలకు రెండు గ్లాసుల మీద అరకు పైగా పోయవలెను. దానిలో నాలుగవవంతు పల్లీలు కొలిచినచో వచ్చునది 100 గ్రాములు కాదు, 80 గ్రాములు. వేయించి పొడిచేసిన తరువాత కొలిచినచో ఇంకను తగ్గును.

దినమునకు రెండు గ్రాములు తగ్గినచో ఏమగునని అడుగవచ్చును. రెండు గ్రాములు చిన్నవే. కాని ఆ పిండిలో పల్లీలు ఉన్నవే పది గ్రాములు. అందులో అయిదవవంతు పోయినది. ఆ మిశ్రమమున కొవ్వును ఇచ్చునది ముఖ్యముగా వేరుశనగయే. నూరు గ్రాముల వేరుశనగలో 25 గ్రాముల మాంసకృత్తులు, 40 గ్రాముల కొవ్వు, 567 కిలోకాలరీలు ఉండునని పోషకాహార సంస్థవారి పాత పట్టికలు చెప్పుచున్నవి. అంత శక్తి గోధుమలలో లేదు. బిడ్డ కడుపు చిన్నది, ఎక్కువ తినలేదు. తిన్న కొద్దిపాటిలోనే బలము ఉండవలెనని ఆ పాళ్లను నిర్ణయించిరి. బరువులో కుదిర్చిన పాళ్లను కొలతలో చేసినచో ఆ శ్రమ కొంత వ్యర్థమగును.

మరియొక మాట. తూకము సరిగా నున్నను గింజ మంచిది కాకున్న ప్రయోజనము లేదు. బూజుపట్టిన, రంగుమారిన, ముడుతలుపడిన పల్లీలను ఏరి పారవేసిన తరువాతనే తూచవలెను. అట్టి గింజలలో అఫ్లాటాక్సిన్ అను విషము ఉండవచ్చును. వేయించినంత మాత్రమున అది పూర్తిగా పోదు. చిన్న బిడ్డలకు పల్లీలను పలుకులుగా పెట్టరాదు. గొంతులో అడ్డుపడు ప్రమాదము గలదు. పొడి చేసియే పెట్టవలెను.

సంఘముల పట్టీలు, గానుగ నూనె

మహిళా సంఘములు పల్లీపట్టీలు, నువ్వుల లడ్డూలు, కారప్పొడులు చేసి అమ్ముట నేడు ఎల్లెడలను చూచుచున్నాము. ఇది మెచ్చదగిన పని. అయితే చాల చోట్ల పాకము గ్లాసు లెక్కను, అమ్మకము గ్రాముల లెక్కను సాగుచున్నది. బెల్లమును చెక్కి కొలిచిన ఒక బరువు, పొడిచేసి కొలిచిన ఒక బరువు, అదిమి కొలిచిన మరొక బరువు వచ్చును. నిన్నటి పట్టీ గట్టిగా వచ్చి నేటి పట్టీ మెత్తబడినపుడు, తప్పు పాకముదని, పొయ్యిదని అనుకొందురు. తప్పు తరచుగా కొలతది.

ఖర్చు లెక్కలోను ఇదే చిక్కు. ఒక సంఘమువారు నిండు జీడిపప్పుతో ఒక చిన్న డబ్బా తూచి, అది 100 గ్రాములు పట్టునని నిర్ణయించుకొనిరి అనుకొందము. తరువాత ధర తక్కువయని ముక్కలు కొని, అదే డబ్బాతో పొట్లములు నింపిరి. ముక్కలు సందులు పూడ్చుకొనును గనుక డబ్బాలో నూటికి పది గ్రాములు ఎక్కువ పట్టినను, నూరు పొట్లములకు కిలో జీడిపప్పు ఊరక పోవును. పొడి విషయమున ఇందుకు వ్యతిరేకముగా జరుగును. పొట్లముపై వ్రాసిన బరువు లోపల ఉండదు. 2009 నాటి తూనికలు, కొలతల చట్టము ప్రకారము పొట్లముపై వ్రాసిన నికర బరువు లోపల ఉండి తీరవలెను. తెలియక చేసితిమన్న మాట చెల్లదు. కావున అమ్మకమునకు చేయు ప్రతి సంఘమునకును మొట్టమొదటి పరికరము తక్కెడయే కావలెను. గ్రైండరు తరువాత కొనవచ్చును.

నూనె సంగతి కొంచెము వేరు. గింజల నడుమ గాలి యుండును గాని నూనెలో ఉండదు. అయినను నూనె నీటికంటె తేలిక. లీటరు వేరుశనగ నూనె కిలో తూగదు. సుమారు 910 గ్రాములు తూగును. 15 కిలోల డబ్బాయు, 15 లీటర్ల డబ్బాయు అంగడిలో పక్కపక్కనే యుండును. రెండవదానిలో నూనె 13 కిలోల 700 గ్రాముల దాపున మాత్రమే. ధర పోల్చునపుడు ఈ కిలోమున్నూరు గ్రాముల తేడాను లెక్కలోనికి తీసుకొనవలెను. వేడిచేత నూనె వ్యాకోచించును గనుక ఉష్ణోగ్రతను బట్టియు లీటరు బరువు మారును. సోయా నూనె 21 డిగ్రీల వద్ద లీటరు 919 గ్రాములు తూగగా, 60 డిగ్రీల వద్ద 893 గ్రాములే తూగును. ఈ కారణము చేతనే 2022 లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖవారు నూనె పొట్లములపై లీటర్లతో పాటు బరువును కూడ తప్పక వ్రాయవలెననియు, ఉష్ణోగ్రత సాకు చూపరాదనియు ఆదేశించిరి.

గానుగకు పప్పు ఇచ్చు రైతు సోదరులు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను. క్వింటాలు మంచి పప్పునకు 40 కిలోల నూనె ఇత్తునని గానుగవారు ఒప్పుకొనిరి అనుకొందము. నలుబది లీటర్లు కొలిచి ఇచ్చినచో రైతునకు చేరినది 36 కిలోల 500 గ్రాములే. మూడున్నర కిలోలు మాటలోనే కరగిపోయినవి. మోసము చేయవలెనని ఎవరును తలంపకున్నను ఇట్లు జరుగును. కావున బేరము కుదుర్చుకొనునపుడే కిలోలా, లీటర్లా యని అడిగి తేల్చుకొనవలెను.

తూచి చూచు విధానము

ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. కొన్ని వందల రూపాయలకు దొరకు వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడ చాలును. అదియు లేనివారు పొరుగువారిదో, సంఘముదో ఒక్క పూటకు తెచ్చుకొనవచ్చును.

మొదట, నిత్యము వాడు ఒక గ్లాసును ఎంచుకొనవలెను. పలుమార్లు మార్చరాదు. తక్కెడను సమముగా నున్న చోట పెట్టవలెను.

రెండవది, గ్లాసు ఖాళీ బరువు చూచి, అంచు వరకు నీరు పోసి మరల తూచవలెను. పెరిగిన గ్రాములు ఎన్నియో ఆ గ్లాసు అన్ని మిల్లీలీటర్లు. ఇంటి గ్లాసు ఎంతటిదో తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము లేదు.

మూడవది, గ్లాసును బాగుగ తుడిచి ఆరబెట్టి, గింజలను కుదుపకుండ, అదుమకుండ పోసి, చాకు వెనుకభాగముతో తలగొట్టి తూచవలెను. ఇట్లు మూడుమార్లు చేసి సగటు తీసుకొనవలెను. మూడు తూకములకును అయిదారు గ్రాముల తేడా వచ్చిన కంగారుపడనక్కరలేదు. అది గింజల స్వభావము.

నాలుగవది, గింజ ఏ రూపమున నున్నదో తప్పక వ్రాయవలెను. పచ్చివా, వేయించినవా, పొట్టు తీసినవా, పొడియా. కిలో పచ్చి పల్లీలను వేయించి పొట్టు తీసినచో తేమ పోవుటవలనను, పొట్టు పోవుటవలనను 80 నుండి 100 గ్రాముల వరకు తగ్గును. రాత్రి నానబెట్టినవి మూడవవంతునకు పైగా బరువు పెరుగును, పెరిగినది నీరే.

అయిదవది, ఈ అంకెలను ఒక కాగితముపై వ్రాసి వంటింటి గోడకు అంటించవలెను. ‘ఈ గ్లాసునకు పచ్చి పల్లీలు 123, వేయించిన పొడి ఇంత, నువ్వులు 122’ అని నాలుగైదు పంక్తులు చాలును. కావలసిన గ్రాములను గ్లాసు బరువుతో భాగించినచో ఎన్ని గ్లాసులో తెలియును. 300 గ్రాముల పల్లీలు కావలెనన్న 300 ను 123 చే భాగింపగా రెండు గ్లాసులు, మరి సగమునకు కొంచెము తక్కువ.

కొత్త గ్లాసు కొన్నపుడును, గింజ రకము మారినపుడును మరల తూచుట మంచిది. నేను పైన ఇచ్చిన పట్టికను కూడ దారి చూపుటకే వాడవలెను. అక్కడి వేరుశనగ, ఇక్కడి వేరుశనగ ఒకే పరిమాణమున ఉండవు. కదిరి రకమునకును, స్థానిక చిన్న గింజ రకమునకును మీ గ్లాసులో కొద్ది తేడా రావచ్చును. చిన్న పాత్రలో పెద్ద గింజ సరిగా సర్దుకొనదు గనుక బాదం, జీడిపప్పులను చెంచాతో కొలుచుట అసలే తగదు. వానిని లెక్కపెట్టుటయో, తూచుటయో మేలు.

ఒక ఆక్షేపణ

‘మా అమ్మమ్మలు తక్కెడ లేకుండనే వండిరి, వారి చేతి రుచి మీ గ్రాములకు వచ్చునా?’ అని కొందరు సోదరీమణులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పులిహోరలో పిడికెడు పల్లీలు ఎక్కువైనను తక్కువైనను వచ్చు లోపము లేదు. అచ్చట నాలుకయే తక్కెడ. పెద్దవారు ఏండ్ల తరబడి ఒకే సోలను, ఒకే చేతిని, ఒకే పొలపు గింజను వాడిరి. వారి కొలత వారి ఇంటికి సరిపోయినది. నేడు మనము అంగడి గింజను, ఏ ఊరివారో చెప్పిన విధానమును, కొత్త గ్లాసును ఒక్కచోట కలుపుచున్నాము. మూడింటిలో ఏదియు మనకు పాత పరిచయము లేనిది. పైగా రుచికి నాలుక సాక్షి. పోషణకు నాలుక సాక్షి కాదు. పిండిలో పల్లీలు అయిదవవంతు తగ్గినవని బిడ్డ చెప్పలేదు.

తక్కెడకును హద్దులు గలవు. గ్రాముకు తక్కువ చూపని వంటింటి తక్కెడపై అయిదు గ్రాములు తూచుట నమ్మదగినది కాదు. అట్టి చిన్న మొత్తములకు నూరు గ్రాములు తూచి, అవి ఎన్ని చెంచాలైనవో లెక్కించి భాగించుకొనుట మంచిది. అనగా కొలతయు, తూకమును ఒకదానికొకటి తోడు.

చేయవలసినది

శాఖల తరఫున, కృషి విజ్ఞాన కేంద్రముల తరఫున వంటకముల కరపత్రములు వ్రాయు మిత్రులకు నా మనవి. ప్రతి దినుసునకు ముందు గ్రాములు, పిమ్మట రూపము, ఆ తరువాత 200 మి.లీ. గ్లాసు లెక్కను ఇచ్చిన చదువరులకు ఎంతయో మేలు. ‘వేరుశనగ పప్పు, వేయించి పొట్టు తీసినది, 100 గ్రాములు’ అని వ్రాయుటకు ఒక్క పంక్తియే పట్టును. శిక్షణ తరగతులలో పొయ్యి వెలిగించుటకు ముందు, వచ్చిన వారి చేత వారి వారి గ్లాసులను తూపించవలెను. ఒక అరగంట చాలును.

1999 లో మొదలైన రైతుబజారులలో కొనువారు తమ సరకును మరల తూచి చూచుకొనుటకు ఒక తనిఖీ తక్కెడ అందరికిని కనబడు చోట ఉండుట మేలు. వీధులలో వేయించిన పల్లీలు గ్లాసు లెక్కను అమ్ము పేదవారిని నిందించుట నా ఉద్దేశము కాదు. వారి వద్ద తక్కెడ లేకపోవుటయే కారణము. కొనువారు మాత్రము ఆ గ్లాసు ఎన్ని గ్రాములో తెలిసికొని కిలో ధరతో పోల్చుకొనవలెను. 123 గ్రాములు పట్టు గ్లాసు ఇరువది రూపాయలన్న, కిలో 163 రూపాయలు పడినట్లు. ఎనిమిది గ్లాసులు కిలోకు దగ్గర యని గుర్తుంచుకొన్నను చాలును.

పాఠశాలలలో ఉపాధ్యాయులు పిల్లలకు ఇండ్లనుండి తలా ఒక గ్లాసు తెమ్మని చెప్పి, పల్లీలతో ఈ లెక్క చేయించవచ్చును. సగటు, భాగహారము, ఘనపరిమాణము అన్నియు ఒక్క పూటలో నేర్చుకొందురు. తూచిన పల్లీలను చివరకు తినవచ్చును గనుక పిల్లలకు ఈ పాఠము విసుగు పుట్టింపదు.

అక్కచెల్లెండ్రారా, రైతు సోదరులారా! ఈ వారము మీ ఇంట నున్న గ్లాసును ఒక్కసారి తూచి చూడుడు. ముందు నీటితో, పిమ్మట పల్లీలతో. వచ్చిన రెండు అంకెలను గోడపై వ్రాసి పెట్టుకొనుడు. బిడ్డకు పిండి కలుపునపుడు, సంఘమున పట్టీ చేయునపుడు, గానుగవారితో బేరమాడునపుడు ఆ రెండు అంకెలు మీకు అక్కరకు వచ్చును.

– వ్యవసాయాధికారి, అల్వాల్